నూతిలో ఈత – కడలిలో మునక

కృష్ణా, గోదావరీ నదుల డెల్టాలకు ఎగువనున్న మెరకనేలలలో నూజివీడు పట్టణము కలదు. చిన్నరసములకును, పెద్దరసములకును ఆ ప్రాంతము పేరెన్నికగన్నది. ఎటుచూచినను మామిడితోటలే గాని అచట సముద్రము కానరాదు. ఆ పల్లెల పిల్లలకు నీటితోడి చెలిమి తోటలలోని నూతులయందే కలుగుచుండెను. వేసవిలో నడుమునకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకొని నీటిలో దిగినవారు కొలది దినములకే వానిని విడిచి, గట్టుమీదినుండి దుముకుచుండిరి. ఊపిరి బిగబట్టి, రెండు మూడు నిలువుల లోతు మునిగి, అడుగునుండి పిడికెడు మన్ను తెచ్చినవాడే వారిలో మొనగాడు. జారిపడిన కడవ పాతాళగరిగెకు చిక్కనిచో గజఈతగాని పిలుచుట వాడుక. బోరుబావులు వచ్చిన పిదప అట్టి నూతులు పెక్కు పూడిపోయినను, ఆ ఈత నేర్చినవారు నేటికిని కలరు.

తెలుగునాటినుండి అనేకులు జీవనోపాధికై అరేబియా ద్వీపకల్పమునందలి దేశములకు వెళ్లియున్నారు. వానిలో ఒమాన్ ఒకటి. అచట శుక్ర, శని వారములు సెలవుదినములు. కాయకష్టముచేయు కార్మికునకు ఆ సెలవు బట్టలుతుకుకొనుటకును, ఇంటివారితో ఫోనులో మాటలాడుటకును చాలును. కొంత తీరికయు, కొంత రాబడియు గలవారు మాత్రము సముద్రగర్భమును చూడబోవుట కలదు. రాజధానియైన మస్కట్‌కు పడమరగా, సీబ్, బర్కా తీరములకు ఎదుట, దైమానియాత్ అను తొమ్మిది దీవులున్నవి. 1996లో ఒమాన్ ప్రభుత్వము వానిని ప్రకృతి రక్షిత ప్రాంతముగా ప్రకటించినది. అచటి నీటి అడుగున పగడపు దిబ్బలును, వానిచుట్టు రంగురంగుల చేపలును కలవు. ఆ దీవుల ఇసుకపై సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును.

నూతిలో గజఈతగాడనిపించుకొన్నవాడు ఈ కడలిలో నిర్భయముగా దిగవచ్చునుగదా యని తోచవచ్చును. వాని ధైర్యము మెచ్చదగినదే. కాని నూతిలో వానికి పేరు తెచ్చిన విద్య, అనగా ఊపిరి బిగబట్టుట, ఇచట వాని ప్రాణమునకే ముప్పు కావచ్చును. ఇందలి కారణము తెలిసికొనదగినది.

భూమిమీద మనుజుని అన్నివైపులనుండి గాలి ఒత్తుచుండును. ఈ ఒత్తిడిని ఒక వాయుపీడనమందురు. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు ఇంచుమించు మరియొక వాయుపీడనము చేరును. కావున 10 మీటర్ల లోతున పీడనము రెండింతలు, 20 మీటర్ల లోతున మూడింతలు, 30 మీటర్ల లోతున నాలుగింతలు అగును. పీడనము పెరిగినకొలది వాయువు ఘనపరిమాణము అదే నిష్పత్తిలో తగ్గునని రాబర్ట్ బాయిల్ అను శాస్త్రజ్ఞుడు 1662లో ప్రకటించెను.

ఈతగాడు గట్టుపై తన రొమ్మునిండ 6 లీటర్ల గాలి పీల్చి మునిగెననుకొనుడు. 10 మీటర్ల లోతున ఆ గాలి 3 లీటర్లగును. అతడు పైకి వచ్చునప్పటికి మరల 6 లీటర్లే అగును. తెచ్చుకొన్న గాలియే వ్యాకోచించి తన పూర్వస్థితికి వచ్చుటచే ఊపిరితిత్తులకు హాని లేదు. పూర్వము పారశీక సింధుశాఖలో ముత్యములకై మునిగినవారును ఇట్లే చేసిరి. ముక్కునకు బిగింపు పెట్టుకొని, కాలికి రాతిబరువు తగిలించుకొని, ఒక్క ఊపిరితో అడుగునకు చేరి, చిప్పలనేరి త్రాటి సాయమున పైకి వచ్చుచుండిరి. జపానులో పెంచిన ముత్యములు బజారునకు వచ్చిన పిమ్మట, 1930 ప్రాంతమున ఆ వృత్తి క్షీణించినది.

ఒక్క ఊపిరితో గడుపగల కాలము మిక్కిలి స్వల్పము. పొడవైన గొట్టము నోట పెట్టుకొని దాని కొనను నీటిపై నుంచినచో చాలునని కొందఱు తలచిరి. కాని ఒక మీటరు లోతుననే నీరు రొమ్మును బలముగా నొక్కుటచే, పైనున్న పలుచని గాలిని లోనికి పీల్చుట దుర్భరమగును. లోతున నున్నవానికి ఆ లోతునకు తగిన పీడనము గల గాలియే అందవలెను. ఈ చిక్కును విప్పినవారు ఫ్రాన్సు దేశీయులు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై మోటారుకార్లను గ్యాసుతో నడపవలసివచ్చినప్పుడు, ఎమిల్ గాన్యా అను ఇంజనీరు అందులకు ఒక కవాటమును నిర్మించియుండెను. నౌకాదళోద్యోగియైన జాక్ ఈవ్ కూస్తో అతనితో కలిసి 1943లో దానిని మునకకు పనికివచ్చునట్లు మార్చెను. అదియే స్కూబా పరికరమునందలి రెగ్యులేటరు. మునిగినవాడు పీల్చినప్పుడెల్ల అది చుట్టునున్న నీటి పీడనమునకు సమమైన గాలిని అందించును.

వీపున మోయు సిలిండరులో నుండునది ప్రాణవాయువని పలువురు భ్రమింతురు. సాధారణముగా నుండునది మనము పీల్చు మామూలు గాలియే. శుద్ధ ప్రాణవాయువు 6 మీటర్లకు మించిన లోతున విషప్రాయమగును. 12 లీటర్ల సిలిండరులో 200 వాయుపీడనములతో గాలిని నింపినచో, అది భూమిమీది 2,400 లీటర్ల గాలికి సమానము. నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి అది ఒడ్డున రెండు గంటలు వచ్చును. 10 మీటర్ల లోతున ఒక గంటయు, 30 మీటర్ల లోతున అరగంటయు మాత్రమే వచ్చును. అందును కొంత గాలి తిరిగివచ్చుటకై మిగుల్చుకొనవలెను.

ఇప్పుడు ముప్పు ఎచటనున్నదో సులభముగా గ్రహింపవచ్చును. స్కూబా ధరించినవాడు 10 మీటర్ల లోతుననే రొమ్మునిండ 6 లీటర్ల గాలి పీల్చుచున్నాడు. బెదరి, చిన్ననాటి అలవాటుచొప్పున ఊపిరి బిగబట్టి పైకి దూకెనా, ఆ గాలి నీటిమట్టమునకు వచ్చుసరికి 12 లీటర్లు కావలెను. అంత చోటు ఊపిరితిత్తులలో లేదు. అవి చినిగి, గాలిబుడగలు రక్తములో ప్రవేశించి ప్రాణము తీయవచ్చును. ఈతకొలనులోని కొలది లోతునుండి పైకి వచ్చునప్పుడుకూడ ఈ అపాయము కలదు. కావుననే ఎడతెగక శ్వాసించుచుండవలెననియు, ఊపిరిని ఎన్నడును బిగబట్టరాదనియు గురువులు మొదటి దినముననే బోధింతురు. నూతిలో నేర్చినదానిని కడలిలో మఱవవలెను. క్రొత్తది నేర్చుటకంటె పాతదానిని మఱచుటయే కష్టము గనుక, ఆ అభ్యాసము లోతులేని నీటిలో పలుమార్లు చేయింతురు.

రెండవ ముప్పు నత్రజనివలన కలుగును. అధిక పీడనమున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమునందును, దేహధాతువులయందును కరగి నిలుచును. మెల్లగా పైకి వచ్చినచో అది ఊపిరితో క్రమముగా వెలికి పోవును. తొందరపడినచో, సోడాబుడ్డి మూత తీసినప్పటివలె, దేహములోనే బుడగలు కట్టి కీళ్ల నొప్పులను, ఒక్కొక్కప్పుడు పక్షవాతమును కలిగించును. బ్రిటిషు నౌకాదళముకొఱకు జాన్ స్కాట్ హాల్డేన్ మేకలపై ప్రయోగములు జరిపి, ఎంత లోతునుండి ఎట్లు ఆగి ఆగి పైకి రావలెనో 1908లో పట్టికలు ప్రకటించెను. నేటి నియమములనుబట్టి నిమిషమునకు సుమారు 9 మీటర్లకు మించని వేగముతో పైకి వచ్చి, 5 మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగుట మంచిది.

ఒడ్డు చేరినను ఈ నియమము ముగియదు. విమానములో గాలి పీడనము నేలమీదికంటె తక్కువగానుండును. కావున ఒక్కమారు మునిగినవాడు కనీసము 12 గంటలు, పలుమార్లు మునిగినవాడు కనీసము 18 గంటలు విమానమెక్కరాదు. ఎత్తైన పర్వతములెక్కుటయు తగదు. మస్కట్‌వాసులు సెలవులలో చల్లదనమునకై పోవు జబల్ అఖ్దర్ పర్వతమునందలి సైక్ పీఠభూమి సుమారు 2,000 మీటర్ల ఎత్తున నున్నది. కావున మామిడిపండ్ల కాలమున ఇల్లు చేరవలెనని శనివారము రాత్రి విమానమునకు టిక్కెట్టు కొన్నవాడు శుక్రవారమే మునకలు ముగింపవలెను. శనివారము ఒడ్డున ఊరక కూర్చుండుటకూడ ఆ విద్యలో ఒక భాగమే.

ఇన్ని నియమములు పాటించువానికి కడలి చూపు వింతలు అపూర్వములు. నీటిలో వస్తువులు ఉన్నదానికంటె దగ్గరగను, పెద్దవిగను కనబడును. సూర్యకాంతిలోని ఎఱుపు ముందుగా హరించుటచే, లోతున గాయపు నెత్తురుకూడ ఆకుపచ్చగా తోచును. ధ్వని గాలిలోకంటె నాలుగింతలకు మించిన వేగముతో వచ్చుటచే, పడవ చప్పుడు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలియదు. మాటలకు తావు లేదు, చేతిసైగలే భాష. అందులో పిడికిలి బిగించి బొటనవ్రేలు పైకెత్తినచో, బాగున్నదని కాదు, పైకి పోవలెనని అర్థము. ఒంటరిగా ఎవరును మునుగరు. ఇద్దరిద్దరుగా దిగి, ఒకని పరికరమును మరియొకడు పరీక్షించి, ఒకనికి గాలి తక్కువైనచో రెండవవాడు తన గాలిని పంచుకొనును.

ఈ విద్య నేర్చుటకు పరదేశమే పోనక్కరలేదు. విశాఖపట్టణమువద్ద ఋషికొండ తీరమునను, అండమాను దీవులలోను శిక్షణ పొందవచ్చును. నూతి గట్టుమీదినుండి దుముకుటకు ధైర్యము చాలినది. కడలి అడుగునకు పోయి క్షేమముగా తిరిగివచ్చుటకు ధైర్యముతోపాటు లెక్కయు, నిదానమును, ప్రక్కవానిపై కనిపెట్టిన చూపును కావలెను.