మీకు తెలుసా? దూరం నిర్ణయించేది జంతువే!

పాలమూరు బీళ్లలో, నల్లగొండ చెరువుగట్ల మీద, నల్లమల దారుల్లో కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లంతా తెలుసుకోవాల్సిన సంగతులివి.

• నిజాం కాలంలో కెమెరా తుపాకీ వెనకాలే వెళ్లేది. హైదరాబాద్ సంస్థానంలో వేటాడిన పులి పక్కన నిల్చున్న వైస్రాయి కర్జన్ దంపతులను ఫొటో తీసింది ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. ఆ తర్వాత, 1920ల్లో, ఉత్తరాది అడవుల్లో ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే కెమెరా క్లిక్‌మనేలా ఏర్పాటు చేశాడు. బతికున్న పులి తన ఫొటో తానే తీసుకుందన్నమాట!

• అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నేటికీ ఇలాగే పులులు తమ ఫొటోలు తామే తీసుకుంటాయి. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అడవి ఇది. బాటకు రెండు పక్కలా మోకాలి ఎత్తున ఒక్కో కెమెరా కడతారు. పులి కుడివైపు చారలు ఎడమవైపు చారల్లా ఉండవు కాబట్టి, అది ఏ పులో గుర్తించడానికి రెండు వైపులా ఫొటో కావాలి. 2018 జాతీయ పులుల లెక్కింపులో 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు 3.48 కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651 మాత్రమే!

• ప్రతి జంతువుకూ ఒక పారిపోయే దూరం ఉంటుందని, అంతకంటే దగ్గరికెళ్తే అది పరుగందుకుంటుందని స్విట్జర్లాండ్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ చెప్పాడు. మీరు ఆ గీత దాటబోతున్నారని దుప్పి ముందే హెచ్చరిస్తుంది. మేత ఆపి తలెత్తుతుంది, చెవులు మీవైపు తిప్పుతుంది, ముందుకాలితో నేలను తడుతుంది, తోక ఎత్తి కింది తెలుపు చూపిస్తుంది. తల ఎత్తిందంటే మీరు ఆగాలి. తోక ఎత్తిందంటే వెనక్కి తగ్గాలి.

• నారాయణపేట జిల్లా కృష్ణా, మాగనూరు మండలాల్లో కృష్ణజింకలు చేలలోనే మేస్తుంటాయి. నడిచొచ్చే మనిషిని చూస్తే బెదిరే ఈ జింకలు ఎడ్లబండిని పెద్దగా పట్టించుకోవని పాతకాలపు వేటగాళ్లకు బాగా తెలుసు. సఫారీ జీపులోంచి దిగొద్దనడానికి ఒక కారణం ఇదే. బండిలో కూర్చున్నంతసేపూ మీరు బండిలో భాగం, దిగితే మనిషి.

• జింకజాతి కళ్లకు ఎరుపు సరిగా ఆనదు, నీలం బాగా కనిపిస్తుంది. అడవికి జీన్స్ కంటే మట్టిరంగు బట్టలే మేలు. గాలి మీ వెనక నుంచి వీస్తుంటే మాత్రం ఏ రంగు వేసుకున్నా లాభం లేదు. వాసన పట్టేస్తాయి.

• ఎలుగుబంటికి చూపు, వినికిడి అంతంతమాత్రం. చప్పుడు చేయకుండా దగ్గరికెళ్తే ఉలిక్కిపడి మీద పడుతుంది. గుట్టల్లో నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ వెళ్లడమే క్షేమం.

• తీతువు గులకరాళ్ల మధ్య వట్టి నేలమీదే గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటిని చల్లబరుస్తుంది. అది మీ తలపై అరుస్తూ తిరుగుతోందంటే గూడు దగ్గరలోనే ఉంది. మీరు నిలబడ్డ ప్రతి నిమిషం గుడ్లు ఎండకు మాడతాయి.

• 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో వేటంటే చంపడం ఒక్కటే కాదు. ఎర వేయడం, తరమడం, అడవి పక్షుల గూళ్లనూ గుడ్లనూ కదపడం కూడా వేటే. కెమెరా చేతిలో ఉన్నంత మాత్రాన మినహాయింపు లేదు.

మీరు వచ్చి వెళ్లినా జింక మేత ఆపలేదా? అదే సరైన దూరం. ఫొటో చిన్నగా వచ్చినా సరే.