ఓక్లాండ్‌లో ఫ్యాన్స్ లేరా? రెండు టీమ్‌లు, ఒక బ్రిడ్జ్, కొన్ని లెక్కలు

ఈ ఎపిసోడ్ బేస్‌బాల్ గురించి. ఆట తెలియకపోయినా పర్లేదు, ఇది లెక్కల కథ.

బే ఏరియాలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలిసిందే. అక్కడ ఖాతానికి ఇటు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్, అటు 2024 వరకు ఓక్లాండ్ అథ్లెటిక్స్. మధ్యలో బే బ్రిడ్జ్. ఒక్కో టీమ్ సీజన్‌కి సొంత గ్రౌండ్‌లో 81 మ్యాచ్‌లు ఆడుతుంది. మన ఐపీఎల్ లీగ్ దశలో ఇంటి మ్యాచ్‌లు 7. తేడా చూశారుగా?

ఇప్పుడు 2023 లెక్క. జెయింట్స్‌కి సుమారు 25 లక్షలు, అథ్లెటిక్స్‌కి 8 లక్షల 32 వేలు. అంటే మ్యాచ్‌కి 30 వేల పైన ఒకవైపు, 10 వేల పైన ఇంకోవైపు. ఇది చూసి "ఓక్లాండ్‌లో ఫ్యాన్స్ లేరు, అందుకే టీమ్ వెళ్ళిపోయింది" అనేస్తారు. నేనూ మొదట అలాగే అనుకున్నా.

కానీ నా పాత ఉద్యోగం నేర్పిన పాఠం ఒకటుంది: గ్రాఫ్ పడిపోతే యూజర్లని తిట్టే ముందు లాగ్స్ చూడాలి. చూద్దాం పదండి.

1990లో అథ్లెటిక్స్‌కి 29 లక్షలు, జెయింట్స్‌కి 20 లక్షల లోపే! అప్పుడు ఓక్లాండ్ టీమ్ మంచి ఊపు మీద ఉంది, 1989 ఫైనల్లో జెయింట్స్‌నే ఓడించింది. జెయింట్స్ ఆడే క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో చలిగాలికి కూర్చోవడమే కష్టం. 1992లో ఆ టీమ్‌ని ఫ్లోరిడాకి అమ్మేయబోయారు కూడా. ఆగిపోయింది. 2000లో నీళ్ళ పక్కన కొత్త స్టేడియం కట్టారు, ఆ ఏడాది 33 లక్షలు.

ఓక్లాండ్ మాత్రం 1966 నాటి కొలీజియంలోనే ఉండిపోయింది. ఫుట్‌బాల్ టీమ్ కోసం 1990లలో కట్టిన ఎత్తైన స్టాండ్స్, వెనక కనిపించే కొండల్ని కప్పేశాయి. 2002లో, అదే 'మనీబాల్' సినిమాలో చూపించిన సీజన్‌లో, 103 మ్యాచ్‌లు గెలిచినా 22 లక్షలు దాటలేదు. అంటే గెలుపు ఒక్కటే సరిపోదు.

తర్వాత 2021 సీజన్ అయ్యాక మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్ లాంటి స్టార్లని వేరే టీమ్‌లకి పంపేశారు. సీజన్ టికెట్ల రేట్లు పెంచారు. 2019లో 16 లక్షలు దాటిన సంఖ్య 2022లో 8 లక్షల లోపుకి పడింది. సరుకు తగ్గించి రేటు పెంచితే మన కిరాణా కొట్టుకైనా ఎవరొస్తారు?

2023 ఏప్రిల్‌లో టీమ్ లాస్ వేగాస్ వైపు చూస్తోందని తేలిపోయింది. జూన్ 13న ఫ్యాన్స్ రివర్స్ బాయ్‌కాట్ చేశారు. అంటే మానేయడం కాదు, కావాలనే రావడం. మంగళవారం రాత్రి 27,759 మంది! ఓనర్‌కి వాళ్ళ మాట ఒక్కటే: "టీమ్‌ని అమ్మెయ్". 2024 సెప్టెంబర్ 26న కొలీజియంలో ఆఖరి మ్యాచ్‌కి 46,889.

ఇంకో మాట. ఈ అంకెలు అమ్మిన టికెట్లవి, సీట్లో కూర్చున్న మనుషులవి కావు. కాబట్టి ఇవి ప్రేమని కొలవవు, ఆ ఏడాది టికెట్ కొనడానికి ఎంత కారణం ఇచ్చారో కొలుస్తాయి. ఓక్లాండ్‌లో తగ్గింది ఆ కారణమే, అభిమానం కాదు.

2025 నుంచి ఆ టీమ్ శాక్రమెంటోలో, దాదాపు 14 వేలు పట్టే చిన్న గ్రౌండ్‌లో ఆడుతోంది. ఓక్లాండ్‌కి ఇప్పుడు లెక్కపెట్టడానికి మ్యాచే లేదు.

ఈసారి ఎవరైనా ఒక్క సంఖ్య చూపించి ఒక ఊరిని తీసిపారేస్తే, ముందు పదేళ్ళ లెక్క అడగండి.