పేరు చివరి యక్షరము

కంప్యూటరు కొనదలచినవారు ప్రాసెసరు వేగమెంత, మెమొరీ యెంత యని యడుగుదురే కాని, వాని నన్నిటిని మోయు మదర్‌బోర్డును గూర్చి విచారించువారు తక్కువ. విడిభాగములు కొని కూర్పించుకొనువారు మొదట తెలిసికొనవలసినది దానినే; ఏలయన నే భాగము లిముడునో, ఏవి యిమడవో నిర్ణయించునది ఆ పలకయే. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములనుండి నెల్లూరు పోయి సరకు తెచ్చుకొను తల్లిదండ్రులకు పొరపాటు జరిగినచో మరల బస్సుచార్జీలును, ఒక దినపు పనియు నష్టము. పెట్టె విప్పిన సరకును అంగడివారు తిరిగి పుచ్చుకొనుటయు నరుదు. అందుచేత నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చిక్కు వచ్చునది ఒకే కుటుంబమునకు జెందిన పలకలతోనే. తైవాను దేశపు ఆసుస్ కంపెనీవారి ‘ప్రైమ్’ వరుసలో హెచ్610ఎం-కె డి4 అనియు, హెచ్610ఎం-ఇ డి4 అనియు రెండు గలవు. ‘హెచ్610’ అనునది ఇంటెల్ కంపెనీవారు 2022వ సంవత్సరారంభమున వెలువరించిన చిప్‌సెట్టు పేరు; ‘ఎం’ పలక చిన్నకొలతదని తెలుపును. ఇంతవరకు రెండును సమానమే. భేదమంతయు తోకలో నున్నది.

‘కె’ పలకపై ఎం.2 డిస్కునకు ఒక్క గాడియే. ‘ఇ’ పలకపై రెండు. మానిటరు తగిలించుటకు ‘కె’ వెనుక వి.జి.ఎ., హెచ్.డి.ఎం.ఐ. రంధ్రము లుండగా, ‘ఇ’ పలకకు డిస్‌ప్లేపోర్టు అదనము. పాఠములు టైపు చేయుటకును, చిన్న ప్రోగ్రాములు వ్రాయుటకును కొను విద్యార్థికి ‘కె’ చాలునని మా యభిప్రాయము. ఇంటనున్న పాత మానిటరు సయితము వి.జి.ఎ. తీగతో దానికి తగులును.

మెమొరీ కడ్డీల సంగతి యింతకంటె ముఖ్యము. ఈ తరపు ఆసుస్ పలకల పేర ‘డి4’ యున్నచో అది డి.డి.ఆర్.4 కడ్డీలను గ్రహించును. ఇదే వరుసలోని బి760ఎం-ఎ వైఫై యనునది ‘డి4’ తోను, అది లేకయు రెండు విధముల వచ్చినది. లేని దానికి డి.డి.ఆర్.5 కావలెను. ఈ రెండుజాతుల కడ్డీలకును అంచున 288 స్పర్శబిందువులే, పొడవును ఒక్కటే. కాని నడుమనున్న గంటు చోటు వేరు. విద్యుచ్ఛక్తియు వేరు: డి.డి.ఆర్.4 కు 1.2 వోల్టులు, డి.డి.ఆర్.5 కు 1.1 వోల్టులు. బలవంతముగా నొత్తినచో కడ్డీయో గాడియో చెడును. ఉదయగిరి కొయ్యగరిటెలను ఎఱిగినవారు చేతబట్టి కఱ్ఱ యేదో చెప్పగలరు గాని, పలకల విషయమున నట్టి పరీక్ష లేదు, పేరు చదువవలసినదే. పాత కంప్యూటరునందలి డి.డి.ఆర్.4 కడ్డీలు గలవారికి ‘డి4’ పలక లాభము. ఏమియు లేనివారు పలక ధరను మాత్రమే గాక కడ్డీ ధరను గూడ కలిపి లెక్కింపవలెను.

హెచ్610 పలకలపై రెండు కడ్డీలకు మించి చోటు లేదు. కావున 4 జీబీ కడ్డీలు రెండు కొనుటకంటె 8 జీబీ కడ్డీ యొకటి కొని, రెండవ గాడిని ఖాళీగా నుంచుట మేలు. జతకడ్డీలతో వేగము కొంత హెచ్చునన్నది నిజమే. అయినను తరువాత మెమొరీ పెంపవలసినప్పుడు ఉన్నవానిలో నొకటియైనను తీసివేయవలసివచ్చును.

ప్రాసెసరునకును తోక గలదు. ఈ పలకలు ఇంటెల్ వారి 12, 13, 14వ తరముల ప్రాసెసర్లను గ్రహించును. కాని 2022 తొలినాళ్ల పలక యంగటి బీరువాలో నట్లే యుండినచో, ఆ యేటి అక్టోబరులో వచ్చిన 13వ తరమును దాని బయాస్ గుర్తింపదు. సొమ్ము చెల్లింపకమునుపే బయాసును క్రొత్తదిగా మార్పించి, తెరపై చూపుమని యడుగుడు. ఐ3-12100 నకును, ఐ3-12100ఎఫ్ నకును భేద మొక్క యక్షరమే. కాని ‘ఎఫ్’ గలదానిలో చిత్రము చూపు భాగము పనిచేయదు. పలకకు హెచ్.డి.ఎం.ఐ. రంధ్రమున్నను మానిటరుపై నేమియు కనబడదు. వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనవలెను. ధర తక్కువయని ‘ఎఫ్’ తెచ్చుకొని, పలక చెడినదని తలంచువారు గలరు.

బిల్లులో ‘హెచ్610 బోర్డు ఒకటి’ యని వ్రాయుట అంగళ్లలో వాడుక. దానితో నూరకుండక, పెట్టెమీది పూర్తి పేరును, సీరియల్ నంబరును వ్రాయించుకొనుడు. వారంటీ క్రింద మార్చవలసివచ్చినప్పుడు ‘కె’ కొన్నామో ‘ఇ’ కొన్నామో చెప్పుటకు ఆ కాగితమే యాధారము.