కమానుకట్ట దించితే షాకబ్జరు గతి?

మదనపల్లె ప్రాంతంలో టమోటా తోలే చిన్న ట్రక్కులను చూడనివారుండరు. మా చిన్నాయన బండికి ఎత్తు ఎక్కువ. క్రేట్లు ఎత్తి అందించలేక నడుములు పోతున్నాయని, వెనుక భాగం కాస్త దించమని మెకానిక్కుతో చెప్పినాడు. ఆయన అయిదు పట్టీల కమానుకట్టల్లో ఒక్కో పట్టీ తీసేసినాడు. బండి దిగింది. అందరికీ సంతోషం!

నెల తిరగకముందే, తిరుపతికి సరుకు తోలుతుంటే, భాకరాపేట ఘాట్‌లో ప్రతి గుంతకూ ధడ్‌మని దెబ్బ. దిగి చూస్తే వెనుక వరుస క్రేట్లలో కాయ చితికింది. షాకబ్జర్ల నుండి నూనె కారుతున్నది. "ఏమప్పా, సైన్సు చదువుతా వుండావు గదా, ఎందుకిట్లయిందో చెప్పు" అన్నాడు. ఆ జవాబే ఈ వ్యాసం.

రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రం మనకు తెలిసినదే: బరువు ఎంతో, స్ప్రింగు వంగడమూ అంత. పట్టీలన్నీ ఒకే తీరువని అనుకుంటే, అయిదింటిలో ఒకటి తీస్తే కట్ట బిరుసు అయిదో వంతు తగ్గుతుంది. 4 అంగుళాలు వంగే బరువుకే 5 అంగుళాలు వంగుతుంది. అనగా, ఖాళీగా దిగిన బండి లోడుతో ఇంకా దిగుతుంది.

మరి షాకబ్జరు? స్ప్రింగు దెబ్బను మింగి తిరిగి కక్కుతుంది. ఆ ఊపును చంపేది షాకబ్జరే. దానిలోని పిస్టను నూనెను సన్నని రంధ్రాలగుండా తోస్తే, ఊపులోని శక్తి వేడిగా మారుతుంది. ఇందుకు పిస్టనుకు పైనా క్రిందా జాగా వుండాలి. బండి 2 అంగుళాలు దిగితే పిస్టనూ దాదాపు అంత అడుగుకు చేరుతుంది. ఇక పెద్ద కుదుపులో అడుగును గుద్దుకుని సీలు పోగొట్టుకుంటుంది.

కాబట్టి ఎత్తు తగ్గించడానికి పట్టీ పీకరాదు. అదే బరువు మోస్తూ వంపు తక్కువగా వుండే కట్ట వేసి, దానికి సరిపడే పొట్టి షాకబ్జర్లను రెండు ప్రక్కలా జతగా మార్చాలి. కొలత లోడుతోనే తీయాలి. ఆర్.సి.లోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా పడేట్లు బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. అదీ చూసుకోవాలి.

చివరికి మేమేం చేసినాము? తీసిన పట్టీలు మళ్ళీ వేయించి, కొత్త షాకబ్జర్లు బిగించి, చేను గట్టున మట్టిదిబ్బ పోసినాము. బండిని దించడానికి బదులు నేలను ఎత్తినాము. దిబ్బకు ఏ ఆఫీసు అనుమతీ అక్కరలేదు గదా!