ఓడిన కెప్టెన్‌కు సర్ బిరుదు ఎందుకిచ్చారు?

1779 సెప్టెంబరు 23 రాత్రి బ్రిటిష్ యుద్ధనౌక సెరాపిస్ అమెరికన్ కెప్టెన్ జాన్ పాల్ జోన్స్ చేతికి చిక్కింది. దాని కెప్టెన్ రిచర్డ్ పియర్సన్ స్వయంగా జెండా దించి లొంగిపోయాడు. మరుసటి ఏడాది రాజు మూడో జార్జ్ ఆయనకే సర్ బిరుదిచ్చాడు. ఓడను పోగొట్టుకున్నవాడికి సత్కారమా?

సెరాపిస్‌కు అప్పగించిన పనేమిటి?

బాల్టిక్ నుంచి వస్తున్న నలభైకి పైగా వర్తక ఓడలకు కాపలా. ఓడలు కట్టడానికి కావలసిన సరుకు వాటిలో ఉంది. అమెరికా కాలనీలతో యుద్ధం వచ్చి అటునుంచి తెరచాప స్తంభాల కలప ఆగిపోయాక, బాల్టిక్ సరుకు లేనిదే బ్రిటిష్ నౌకాదళానికి గడవదు. అందుకే 44 ఫిరంగుల కొత్త ఓడను, తోడుగా కౌంటెస్ ఆఫ్ స్కార్‌బరో అనే చిన్న ఓడను పంపారు.

బలమైన ఓడ ఎలా ఓడింది?

ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఫ్లాంబరో హెడ్ దగ్గర జోన్స్ దళం కనిపించింది. వర్తక ఓడలు స్కార్‌బరో కోట వైపు మళ్ళాయి. పియర్సన్ తన రెండు ఓడలనూ శత్రువుకు అడ్డం పెట్టాడు. సెరాపిస్ కింది అంతస్తులో 18 పౌండ్ల గుండ్లు పేల్చే ఫిరంగులున్నాయి. జోన్స్ ఓడ బోనోమ్ రిషార్ పాత వర్తక నౌక; దాని పెద్ద ఫిరంగులు కొన్ని మొదట్లోనే పగిలి సొంతవాళ్ళనే చంపాయి. దూరం నుంచి పోరాడితే ఓటమి ఖాయమని జోన్స్ దగ్గరికి చొరబడి, రెండు ఓడలనూ తాళ్ళతో బిగించేశాడు. పియర్సన్ లంగరు దించాడు, ప్రవాహం జోన్స్ ఓడను లాగేస్తుందని. తాళ్ళు వదల్లేదు. పైనుంచి విసిరిన ఒక గ్రెనేడ్ సెరాపిస్ లోపల పడి, ఫిరంగుల పక్కనున్న మందుగుండును అంటించింది. జోన్స్ దళంలోని అలయన్స్ కూడా కాల్పులకు దిగింది. మూడున్నర గంటల పోరు ముగిసింది.

మరి గెలిచిందెవరు?

జోన్స్ సొంత ఓడ రెండు రోజులకే మునిగింది. ఆయన సెరాపిస్‌లోనే హాలండ్‌లోని టెక్సెల్ చేరాడు. తర్వాత ఫ్రెంచివారి చేతికి వెళ్ళిన ఆ ఓడ, 1781లో మడగాస్కర్ దగ్గర అగ్నిప్రమాదంలో నాశనమైంది.

అప్పట్లో బ్రిటిష్ నౌకాదళంలో ఓడ పోతే కెప్టెన్‌పై సైనిక విచారణ తప్పేది కాదు. పియర్సన్ విచారణలో తేలింది ఇదే: కాపాడమన్న వర్తక ఓడల్లో ఒక్కటీ శత్రువుకు దక్కలేదు. నిర్దోషిగా గౌరవంగా విడిచిపెట్టారు. కాపలా ఓడ విలువను అది కాపాడినదాన్ని బట్టే లెక్కగట్టారు.