గుండెను పెంచే శోషరస నాళాలు

గుండెపోటు అనగానే అందరి దృష్టీ కరొనరీ ధమనుల మీదకే పోతుంది. పూడుకుపోయేవి అవే, స్టెంటు వేసేదీ వాటికే. అదే గుండె గోడలో అల్లుకున్న శోషరస నాళాల ఊసు ఎవరూ ఎత్తరు. రక్తకేశనాళికల నుంచి ఊరి కణాల మధ్య చేరిన నీటిని, ప్రొటీన్లను తోడి మళ్లీ సిరల్లో కలిపేవి ఇవే. వరిచేలో పంట కాలువతో పాటు మురుగు కాలువ కూడా ఉండాలి కదా. నీరు తీయకపోతే పైరు కుళ్లిపోతుంది.

గుండెపోటు తర్వాత జరిగేది దాదాపు ఇదే. దెబ్బతిన్న కండరం వాస్తుంది, తెల్లకణాలు గుమిగూడతాయి. వాపు తగ్గకపోతే కండరం ఉండాల్సిన చోట మచ్చ కణజాలం పెరుగుతుంది. 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో పాల్ రైలీ బృందం ఎలుకల్లో ఒక సంగతి గమనించింది. గుండెపోటు వచ్చాక శోషరస నాళాలు వాటంతటవే కొత్త కొమ్మలు వేస్తున్నాయి. వాటిని పెంచే వీఈజీఎఫ్-సి అనే ప్రొటీన్‌ను బయటి నుంచి ఇస్తే గుండె పనితీరు ఇంకా మెరుగుపడింది. ఈ నాళాలన్నీ సిరల నుంచే పుడతాయన్న పాత నమ్మకాన్నీ ఆ పరిశోధన సడలించింది. కొన్నింటి మూలాలు వేరే చోట ఉన్నాయి.

అసలు మలుపు 2020లో వచ్చింది. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో గియెర్మో ఒలివర్ బృందం ఎలుక పిండాల్లో శోషరస నాళాలు సరిగా ఎదగకుండా చేసి చూసింది. ఆ పిండాల గుండెలు చిన్నవిగా మిగిలిపోయాయి. కండర కణాల విభజన తగ్గింది, చనిపోయే కణాలు పెరిగాయి. వెతగ్గా, ఆ నాళాల గోడ కణాలు రీలిన్ అనే ప్రొటీన్‌ను స్రవిస్తున్నట్లు తేలింది. మెదడు ఎదిగేటప్పుడు నాడీకణాలను వాటి వాటి పొరల్లోకి చేర్చేదిగా శాస్త్రవేత్తలు ఎరిగిన ప్రొటీనే ఇది. శోషరస నాళాల్లో రీలిన్ ఒక్కటే లేకుండా చేసినా పిండం గుండె చిన్నదైంది. గుండెపోటుకు గురైన పెద్ద ఎలుకల గుండెపై రీలిన్ కలిపిన కొల్లాజెన్ పట్టీ అతికిస్తే పనితీరు మెరుగైంది. అంటే ఈ నాళాలు నీరు తోడడంతో సరిపెట్టుకోవు, కండరానికి ఎదుగుదల సంకేతాలు కూడా పంపుతాయి.

అయితే ఫలితాలన్నీ ఒకే వైపు లేవు. గుండెపోటు తర్వాత కొత్త శోషరస నాళాలు మొలవకుండా జన్యుపరంగా అడ్డుకున్నా ఎలుకల గుండె పనితీరు దిగజారలేదని 2021లో మరో బృందం చూపింది. కాబట్టి చికిత్స కోసం నాళాలను పెంచాలా, అవి స్రవించే ప్రొటీన్‌ను నేరుగా అందించాలా అన్నది ఇంకా తేలాలి. రెండోది నిలబడితే, కొత్త నాళాలు మొలిచే దాకా ఆగకుండా గుండెకు కావలసిన సంకేతాన్ని పట్టీ రూపంలోనే ఇవ్వవచ్చు.