బుల్‌డోజర్ బరువంతా రోలర్ల మీదే!

కోల్‌కతా నగరపు చెత్తలో చాలా భాగం తూర్పు శివార్లలోని ధాపా డంపింగ్ యార్డుకు చేరుతుంది. లారీలు గుమ్మరించిన చెత్తను బుల్‌డోజర్లు చదును చేస్తాయి. కారు టైరు కూరుకుపోయే చోట అంత బరువైన యంత్రం ఎలా తిరగగలుగుతోంది?

20 టన్నుల బుల్‌డోజర్‌ను తీసుకుందాం. దాని రెండు ఇనుప చైన్లు కలిపి 2.7 చదరపు మీటర్ల నేలను తాకుతున్నాయనుకుంటే, చదరపు సెంటీమీటరుపై పడే భారం సుమారు 0.74 కిలోలే. కారు టైరు కింద ఇది దాదాపు 2 కిలోలు.

అయితే ఈ బరువు చైనుకు చేరేది అడుగున ఉండే రోలర్ల ద్వారానే. ఒక్కో వైపు ఏడు రోలర్లుంటే, ఒక్కొక్కటి సగటున 1.4 టన్నులు మోస్తుంది. రోలర్ లోపల ఇరుసు, కంచు బుష్, ఆయిల్ ఉంటాయి. ఆ ఆయిల్ బయటికి పోకుండా, బురద లోపలికి రాకుండా కాపాడేది నున్నటి లోహపు రింగుల సీలు. చెత్తలోని తీగలు చుట్టుకున్నా, బురద పేరుకుని గట్టిపడినా సీలు దెబ్బతింటుంది. ఆయిల్ కారిపోతే బుష్ వేడెక్కి రోలర్ బిగుసుకుపోతుంది. ఇక అది దొర్లదు. చైను దాని మీద రాసుకుంటూ పోతుంది. రెండూ అరుగుతాయి. రోలర్ పక్కన కనిపించే ఆయిల్ చారే తొలి హెచ్చరిక.

రోలర్ మార్చడంలో రెండు ప్రమాదాలున్నాయి. చైనును బిగించి ఉంచే సిలిండర్‌లోని గ్రీజు తీవ్ర ఒత్తిడిలో ఉంటుంది. వాల్వును ఒకేసారి విప్పితే ఆ గ్రీజు చర్మంలోకి దూసుకుపోగలదు. అందుకే పక్కకు నిలబడి, కొద్దికొద్దిగా వదలాలి. రెండోది, ఎత్తిన యంత్రం జారి మీద పడటం. కాబట్టి దాన్ని ముందుగా గట్టి నేలపైకి చేర్చి, ఎత్తాక బలమైన దిమ్మెలపై నిలపాలి. జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ఆ తర్వాతే బోల్టులు విప్పి పాత రోలర్‌ను దించాలి.

పాడైనది ఒక్కటే మారిస్తే చాలా? మిగతావి బాగా అరిగిపోయి ఉంటే చాలదు. కొత్త రోలర్ వ్యాసం ఎక్కువ కాబట్టి పక్కవాటి వాటా బరువు కూడా దానిపైనే పడి, అది త్వరగా పాడవుతుంది. అందుకే ముందుగా అన్ని రోలర్ల వ్యాసాలూ కొలవాలి. చివరగా చైనును తయారీదారు చెప్పిన మేరకే బిగించాలి. మరీ బిగిస్తే అరుగుదల పెరుగుతుంది. మరీ వదులైతే చైను ఊడిపోవచ్చు.